రెండు పిడికిళ్ల యూరియా

గురువారం పొద్దున పద్నాలుగో మడి పొగాకు కాంటా ఎక్కిందో లేదో, రేణుకమ్మ గుండెలో రాయి పడింది.

సంయుక్త ఆ ఆకును ఒకసారి తూచింది. దించి మళ్లీ తూచింది. కాంటా కింద ఇటుక సరిచేసి మూడోసారి తూచింది. కాంటా ఏం చేస్తుంది పాపం, మూడుసార్లూ ఉన్నమాటే చెప్పింది. ఎరువు వెయ్యని తెల్లజెండా మడిలో ఆకు బక్కగా, పాలిపోయి ఉండాలి. ఇదేమో చేటంత వెడల్పు, ముదురుపచ్చ, పట్టుకుంటే దళసరి.

"ఇదెలా వచ్చింది రేణుకమ్మగారూ?" అంది సంయుక్త.

"నాకేమెరుక బిడ్డా."

అనేసి నాలుక కరుచుకుంది రేణుకమ్మ. ఎరుక లేకపోవడమేమిటి! తొండుపల్లి మొత్తం మీద ఆ సంగతి ఎరిగిన మనిషి తనొక్కతే.

మొదట్నించీ చెబితే గానీ ఇది అర్థం కాదు. సగం నుంచి విన్నవాళ్లకు రేణుకమ్మ మీద కోపమొస్తుంది. మొత్తం విన్నా రావచ్చు, అది వేరే మాట.

జంగయ్యకు తొండుపల్లిలో, ఎయిర్‌పోర్టు రోడ్డుకు ఇవతల, రెండెకరాల ఎర్రచెలక ఉంది. చుట్టుపక్కల చెలకలన్నీ ప్లాట్లయిపోయి హద్దురాళ్లకు పసుపు రంగేసుకుని కూర్చున్నా, ఆయనది మాత్రం 2013 దాకా ఎట్లాగో నాగలి చూసింది. అందులో ఒక పక్క రేణుకమ్మ తోటకూర, పాలకూర, మెంతికూర వేసి శంషాబాద్ అంగట్లో అమ్ముకునేది. సొంత చెలక ఎయిర్‌పోర్టు కింద పోయాక ఆమెకు మిగిలిన సేద్యం అదే. ఇంకో పక్కను జంగయ్య సంయుక్తకు కిరాయికిచ్చాడు.

సంయుక్త ఆంధ్రా పిల్ల. జంగారెడ్డిగూడెం వైపు పొగాకు రైతుల ఇంట్లో పుట్టింది. రాజేంద్రనగర్‌లో హాస్టల్లో ఉండి వ్యవసాయంలో పెద్ద చదువు చదువుతోంది. ఎర్రచెలకలో పొగాకుకు నత్రజని ఎంత వేస్తే ఆకు ఎట్లా పెరుగుతుంది, నేలలో ఏం మిగులుతుంది, నేల నుంచి ఏం పోతుంది అన్నది ఆమె పరిశోధన. ఇరవై మడులు కట్టించింది. తెల్లజెండా మడికి నత్రజని సున్నా. పసుపు జెండాకు కొంచెం, నీలం జెండాకు దానికి రెట్టింపు, ఎర్రజెండాకు మూడింతలు. ఒక్కో రంగు ఐదేసి మడులకు, అటొకటి ఇటొకటి కలగాపులగంగా పాతించింది.

మొదటి ఏడు బాగానే నడిచింది. రెండో ఏడు సమ్మె వచ్చింది, బస్సులు ఆగిపోయాయి, ఆమె చెలక ముఖం చూసేసరికి నాటే అదను దాటిపోయింది. ఇది మూడో ఏడు. ఇదే ఆఖరుది కూడా, ఎందుకంటే ఎండలు ముదిరేలోపు జంగయ్య చెలక కూడా ప్లాట్లు కాబోతోంది, సంతకాలు అయిపోయాయి. ఈ పంట లెక్క తేలితేనే సంయుక్తకు చదువు పట్టా. తేలకపోతే మళ్లీ నాటడానికి నేలా లేదు, గడువూ లేదు.

ఇదంతా రేణుకమ్మకు తెలుసు. తెలిసే చేసింది. అదే కదా బాధ!

మడులకు కాపలా, కలుపు, నీళ్లు, అన్నీ ఆమె పనే. మొదటిరోజు నుంచీ సంయుక్త ఆమెను "రేణుకమ్మగారూ" అనే పిలిచింది. "ఏయ్ కూరలామె" అనేవాళ్లే తప్ప, యాభై ఏళ్లలో ఆమె పేరు పక్కన గారూ తగిలించిన మనిషి లేదు. పైగా ఆమె ఏమన్నా ఆ పిల్ల పుస్తకంలో రాసుకునేది. "ఈ మూలకు నీళ్లు నిలుస్తయి బిడ్డా" అంటే రాసుకుంది. "ఎర్రజెండా మడికే పురుగు ముందుగాల వస్తది, సూడు" అంటే వెళ్లి చూసి, నిజమేనని నవ్వి రాసుకుంది. ఒకరోజు "నా థీసిస్‌లో మీ పేరు వేస్తానండీ" అంది. థీసిస్ అంటే ఏందో రేణుకమ్మకు తెలియదు. పుస్తకంలో తన పేరు అచ్చవుతుందన్నది మాత్రం బాగా తెలిసింది. ఆ మాట కోడలు నిర్మలకు ఎన్నిసార్లు చెప్పిందో! "ఇగ చాలు అత్తమ్మా, నా చెవులకు తూట్లు పడ్డయి" అనేది నిర్మల.

అంతటి నమ్మకస్తురాలు చేసిన పని ఇది.

పద్నాలుగో మడి వేపచెట్టు పక్కనే ఉంది. మధ్యాహ్నం రేణుకమ్మ రొట్టె తినేది ఆ నీడనే. నాటిన నెలన్నరకు చుట్టూ మడులు గుబురుగా లేస్తుంటే, తెల్లజెండా కింద మొక్కలు మోకాలు దాటలేదు. కింది ఆకులు పసుపెక్కి వాడిపోయాయి. రొట్టె తుంచి తలెత్తితే ఎదురుగా అవే. ఆమెకు ముద్ద దిగేది కాదు.

"బిడ్డా, దీనికి జరంత వెయ్యరాదా?" అని ఒకసారి అడిగి కూడా చూసింది.

"అమ్మో, వెయ్యకూడదండీ. ఇది ఆకలితో ఉంటేనే కదా, మిగతావాటికి ఎరువు ఎంత పనిచేసిందో తెలిసేది. అయినా పొగాకు మీ తోటకూరలా కాదు రేణుకమ్మగారూ. చివరికొచ్చేసరికి నేలలో నత్రజని అయిపోవాలి. మొక్కకి ఆకలెయ్యాలి. అప్పుడే ఆకు కింద నుంచి పసుపెక్కుతుంది, పండుతుంది. తిండి ఆగలేదనుకోండి, పచ్చగా మొద్దులా నిలబడుతుంది గానీ పండదు. ఆరబెట్టినా రంగు రాదు."

రేణుకమ్మ తల ఊపింది గానీ ఆమె మనసొప్పలేదు. ముప్పై ఏళ్లు ఆకుకూరలు అమ్మిన మనిషి. ఆకు పసుపెక్కిందంటే ఆమె లెక్కలో ఆ మడి చచ్చింది, గంప గంపంతా ఇంటికి తిరిగొచ్చింది. అది చాలదని దారిన పోయేవాళ్లు ఊరుకున్నారా? "ఏందే రేణుకమ్మా, చేతనైతలేదా? గీ మడికి ఎరువు పెట్ట మరిచినవా?" అని ఒకరి తర్వాత ఒకరు.

వీటన్నిటికంటే పెద్దది ఇంకోటుంది. వాళ్ల ఇళ్లలో పెళ్లయినా, దినమైనా, బంతి కూర్చుందంటే వడ్డించే చెయ్యి ఒక్క విస్తరిని కూడా దాటిపోకూడదు. కడుపు నిండింది, వద్దన్నవాడికి కూడా నాలుగు మెతుకులు వేసి మరీ ముందుకు పోవాలి. మనిషిని విస్తరి ముందు కూర్చోబెట్టి వడ్డించకపోవడం కంటే పాపం లేదని ఆమె అత్త నేర్పింది. ఇరవై మడులు బంతి కూర్చున్నట్టే కూర్చున్నాయి. తన రెండు కళ్ల ముందు ఈ ఒక్కదాన్ని దాటిపోవడం ఆమె వల్ల కాలేదు. మిగతా నాలుగు తెల్లజెండాలు దూరంగా, అవతలి గెట్టు దగ్గర ఉన్నాయి. వాటి ఆకలి ఆమెకు కనపడలేదు.

తోటకూర కోసం డబ్బాలో దాచిన యూరియా ఉంది. సంయుక్త రాని ఒకరోజు చూసి రెండు పిడికిళ్లు తీసి మొక్కల మొదళ్లలో చల్లి, నీళ్లు పెట్టింది. పది రోజులకు మొక్కలు కళ్లు తెరిచాయి. ఆమె సంబరం చూడాలి ఆ పొద్దు! ఇంకో రెండు పిడికిళ్లు వేసింది. మళ్లీ పది రోజులకు ఇంకో రెండు. రాజేంద్రనగర్‌లో పని పడి సంయుక్త ఆ నెల చెలకకు వచ్చిందే తక్కువ. "తినుండ్రి, మంచిగ తినుండ్రి. ఆ పిల్లకు మాత్రం చెప్పకుండ్రి" అని మొక్కలతో గుసగుసలు కూడా పోయింది.

మొక్కలు చెప్పకపోతే కాంటా చెప్పదా?

గురువారం నాడు సంయుక్త కాంటా ముందు నుంచి లేచి, పద్నాలుగో మడి చుట్టూ రెండుసార్లు తిరిగి, గెట్టు మీద కూలబడింది.

"నేనే తప్పు చేశాను రేణుకమ్మగారూ. రెండో దఫా ఎరువు వేసిన రోజు నాకు జ్వరం, గుర్తుందా? మడికింతని తూచి కట్టిన పొట్లాలు మారిపోయుంటాయి."

"ఒక్క మడే గద బిడ్డా, పోనియ్యరాదు."

"ఒక్కటెలా అవుతుందండీ? దీనికి వేరే మడి పొట్లం పడిందంటే, ఆ మడికి ఏం పడింది? దేనికి ఏది వేశానో ఇంక నన్ను నేనే నమ్మలేను. ఇరవై మడులూ పోయినట్టే." ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. "సోమవారం మా సారు వస్తున్నారు. ఈ ఏడాది లెక్క పనికిరాదని చెప్పేస్తాను."

చెప్పెయ్యి, ఇప్పుడే చెప్పెయ్యి అని రేణుకమ్మకు లోపల ఒకటే పోరు. కానీ ఆ పిల్ల కళ్లలోకి చూసేసరికి నోరు రాలేదు. "గారూ" అన్న నోటితో ఆ పిల్ల ఇంకేమంటుందో అని భయం. కొడవలి తీసుకుని, కలుపు లేని మడిలో కలుపు తీయడానికి పోయింది.

శుక్రవారం ఆమె ఒక్కచోట నిలబడలేదు. నీళ్లు పెట్టిన మడికే మళ్లీ పెట్టింది. గంప ఒకచోట పెట్టి ఇంకోచోట వెతికింది. జంగయ్య అటుగా వచ్చి, "ఏం చెల్లే, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అని నవ్వితే, "నీ పని నువ్ చూస్కో జంగన్నా" అని ఊరకనే కసిరింది. మధ్యాహ్నానికి ధైర్యం కూడగట్టుకుని సంయుక్త దగ్గరికి నడిచి, "బిడ్డా, గా మడిల యూరియా నేనే..." అన్నదో లేదో, నెత్తి మీద నుంచి విమానం దిగుతూ పోయింది. రోజూ నూరు పోతాయి, ఏనాడూ పట్టించుకోని మనిషి, ఆ ఒక్కదాన్ని మాత్రం నోరారా తిట్టుకుంది. చప్పుడు తగ్గాక సంయుక్త "ఏంటండీ?" అంది.

"ఏం లేదు. మంచినీళ్లు తాగుతవా అంటున్న."

సంయుక్త వద్దంది. ఆమె టిఫిన్ గిన్నె గెట్టు మీద మూత తియ్యకుండానే ఉంది. రేణుకమ్మ అది చూసింది. చూసి, "తినవా బిడ్డా?" అంది. "ఆకలి లేదండీ" అంది ఆ పిల్ల.

శనివారం నిర్మల డ్యూటీ దిగి ఇంటికి రాగానే రేణుకమ్మ ఆమెను కూర్చోబెట్టి సంగతంతా కక్కేసింది. నిర్మల ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పనిలో ఉంది. సూపర్‌వైజర్ల కింద నలిగిన మనిషి, లోకం తెలిసినది.

"నోరు మూసుకొని కూసో అత్తమ్మా," అంది. "ఆ పోరి తప్పు తనదే అనుకుంటున్నది గద, అనుకోనియ్యి. నువ్ చెప్పినవనుకో, పెద్ద సారు ముంగట నిలబెడ్తరు. ఎవరు చెప్తె ఏసినవంటరు. జంగయ్య నిన్ను చెలకల అడుగు పెట్టనియ్యడు. ఎండలదాక ఉండేటి నాలుగు కూర మడులు గూడ ఇప్పుడే పోతయి."

"గా పిల్ల చదువు పోతదే."

"పోతె ఇంకోటి చదువుకుంటది. నీకెందుకు పరేషాన్?"

ఆ మాట విని రేణుకమ్మ నెమ్మదించాలి. నెమ్మదించకపోగా ఇంట్లో కూర్చోలేక వాకిట్లోకి, వాకిట్లో నిలబడలేక ఇంట్లోకి తిరిగింది. నిర్మల చూసి చూసి, "నీ లొల్లి పాడుగాను, నా కాళ్లు గుంజుతున్నయి, నిన్ను చూస్తుంటేనే" అంది.

ఆదివారం శంషాబాద్ అంగట్లో గంప దించింది. పాలకూర అడిగినామెకు మెంతికూర ఇచ్చింది. ఒకామె తోటకూర కట్ట పైకెత్తి, ఇటు తిప్పి అటు తిప్పి, "గిదేంది, పసుపాకు పెట్టినవ్?" అని గంపలో విసిరేసింది.

"పసుపెక్కితే పండిందనుకోరాదు!" అని గయ్యిమంది రేణుకమ్మ.

అంగడంతా తిరిగి చూసింది. ఆమె తన నోరు తనే నొక్కుకుంది. అది సంయుక్త మాట. విన్నరోజు మనసుకెక్కలేదు. ఎక్కి ఉంటే ఆ మడి ఇవాళ దాని పాటికి అది బక్కగా, సుఖంగా ఉండేది, ఆ పిల్ల కళ్లు తుడుచుకునేది కాదు. మిగిలిన కట్టలు పక్క గంప సత్తెమ్మకు అప్పజెప్పి ఇంటికి నడిచిపోయింది. ఇగ దాచలేనని దారిలోనే తెలిసిపోయింది ఆమెకు.

సోమవారం పది గంటలకు సారు జీపులో వచ్చాడు. నెత్తిన టోపీ పెట్టుకున్న పెద్దాయన, మాట తక్కువ. జంగయ్య కూడా వచ్చి గెట్టు మీద నిలబడ్డాడు. సంయుక్త పుస్తకం రెండు చేతులతో పట్టుకుని మొదలుపెట్టింది. "సార్, నావల్ల ఒక పెద్ద పొరపాటు జరిగింది. ఎరువు పొట్లాలు..."

"ఆ బిడ్డ తప్పు గాదు సారూ!"

అరిచినట్టే అంది రేణుకమ్మ. చేతిలో గడ్డపార వదిలేసి మడి దాటి ముందుకొచ్చింది.

"పొట్లాలు మారలే. ఏం మారలే. ఆ మడికి యూరియా నేనేసిన. మూడుమాట్ల ఏసిన. మాటుకు రెండు పిడికిళ్లు. ఆ ఒక్క మడికే సారూ, మా తల్లి తోడు, వేరే దేన్నీ ముట్టలే. పసుపెక్కి ఏడుస్తుంటే చూడలేకపోయిన."

జంగయ్య "హవ్వ!" అని నోటి మీద చెయ్యేసుకున్నాడు. సంయుక్త ముఖం ముందు తెల్లబోయి, తర్వాత ఎర్రబడింది.

"మీరా?" అంది. "గురువారం నుంచి నేను ఇక్కడే కూర్చుని ఏడుస్తున్నాను. మీరు పక్కనే ఉన్నారు. మడి ఆకలి చూడలేకపోయారా? నాలుగు రోజులైంది నాకు ముద్ద దిగి. అది చూడగలిగారా మీరు?"

రేణుకమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. మూత తియ్యని ఆ టిఫిన్ గిన్నె శుక్రవారం తను చూసింది. చూసి కూడా తన పేరు, తన కూర మడులు, తన భయం చూసుకుంది. మొక్కలను బంతి కూర్చోబెట్టింది గానీ, ఎదురుగా ఉన్న పిల్ల విస్తరిని దాటిపోయింది. "తప్పయింది బిడ్డా" అంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సారు మెల్లగా నడుచుకుంటూ పద్నాలుగో మడి దగ్గరికి వెళ్లి, ఒక ఆకు తిప్పి చూశాడు. వెనక్కి వచ్చి సంయుక్తతో అన్నాడు. "పొట్లాలు మారలేదుగా, ఇంకెందుకు ఏడుపు? పందొమ్మిది మడులు భేషుగ్గా ఉన్నాయి. దీన్ని సగటులోంచి తీసెయ్. కానీ పారెయ్యకు. ఆలస్యంగా నత్రజని పడితే ఆకు పండదని పుస్తకాల్లో చదువుకున్నాం, ఇక్కడ మొక్క చూపిస్తోంది. దీని మట్టి వేరే సంచిలో పట్టు. వేసిందాంట్లో ఆకు తిన్నదెంతో, నేలలో మిగిలిందెంతో చూద్దాం. ఎంత పడిందో మాత్రం సరిగ్గా తెలియాలి."

"పిడికిలి అంటే ఎంతని రాయను సార్?" అంది సంయుక్త, ముక్కు తుడుచుకుంటూ.

"ఆవిడ చెయ్యి ఇక్కడే ఉంది కదా."

డబ్బా తెచ్చారు. కాంటా మీద కాగితం పరిచారు. రేణుకమ్మ డబ్బాలో చెయ్యి పెట్టింది. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని, వేళ్లకు అలవాటు. ఒక పిడికిలి తీసి పోసింది. నలభై ఎనిమిది గ్రాములు. కాగితం దులిపి మళ్లీ పోయమన్నారు. నలభై ఏడు. మళ్లీ. నలభై ఎనిమిది. మళ్లీ. నలభై ఎనిమిది.

"ఇంత కచ్చితంగా మా లాబులో పిల్లలు కూడా తియ్యరు," అన్నాడు సారు.

"మా చెల్లె చెయ్యంటే ఏమనుకున్నరు సారూ!" అన్నాడు జంగయ్య, అప్పటిదాకా హవ్వ అన్న మనిషి.

ఆరు పిడికిళ్లు, రెండువందల ఎనభై ఎనిమిది గ్రాములు. నీలం జెండా మడికి పడ్డదానికంటే కొంచెం ఎక్కువే. సంయుక్త వేపచెట్టు కింద కూర్చుని పుస్తకంలో రాసింది. సారు జీపెక్కి పోయాడు, జంగయ్య ఇంటికి పోయాడు. రేణుకమ్మ దగ్గరికి పోవడానికి జంకుతూ నాలుగడుగుల దూరంలో కూర్చుంది. అక్కణ్నుంచే అడిగింది.

"ఇగ నా పేరు రాయవు గద బిడ్డా?"

సంయుక్తకు కోపం ఇంకా పోలేదు, ముఖం గంటు పెట్టుకునే ఉంది. పుస్తకం ఇటు తిప్పి, ఒక వరస మీద వేలు పెట్టి చూపించింది.

"ఇదే మీ పేరు. రేణుకమ్మ."

రేణుకమ్మ చెయ్యి చీరకు తుడుచుకుని ఆ అక్షరాలను తాకింది. "పక్కన ఏమున్నది?"

"పద్నాలుగో మడి, యూరియా, రెండు పిడికిళ్లు, మూడుసార్లు అని ఉంది."

"గదే ఉన్నదా? గంతేనా?"

"అంతే. జరిగింది అదే కదండీ."

అబద్ధమెట్లా అంటుంది! అచ్చులో తన పేరు ఎట్లా ఉంటుందోనని రెండేళ్లు కలలుగన్నది గానీ, యూరియా పక్కన ఉంటుందని అనుకోలేదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి ఆమెకు. మూట విప్పి జొన్నరొట్టె, టమాట తొక్కు తీసింది. ఆకలి లేదంటుందేమోనని అడగనే లేదు, ఒక రొట్టె ఆ పిల్ల గిన్నె మూతలో వేసి పక్కన పెట్టింది.

సంయుక్త కాసేపు దానివైపు చూడలేదు. తర్వాత తుంచింది. తర్వాత గబగబా తిన్నది, నాలుగు రోజుల ఆకలి.

"ఇంకోటి ఉందా రేణుకమ్మగారూ?"

మూటలో ఉన్నది ఇంకొకటే, అది తనది. రేణుకమ్మ దాన్ని కూడా తీసి మూతలో వేసి, పద్నాలుగో మడికి వీపు పెట్టి కూర్చుంది.